పూణే కాలేజీకి పోయిన శాంపిల్ టవల్

సోలాపూర్‌లో తెలుగు నేతవాళ్ళుండే మా దాజీ పేటలో రహస్యాలు దాగేవి కావు. తప్పు మనుషులది కాదు, మగ్గాలది. పొద్దున లేస్తే ప్రతి గోడ పక్కనా పవర్‌లూములు ఆడుతుంటాయి కనుక, మెల్లగా మాట్లాడేవాడి మాట వాడి మూతి దగ్గరే ఆగిపోతుంది. అందుకని అందరం అరిచే మాట్లాడుకునేవాళ్ళం. పెళ్ళి సంగతైనా, కడుపునొప్పి సంగతైనా అంతే. నాకు పూణే కాలేజీలో సీటు వస్తుందా రాదా అనే విషయం కూడా తొంభైల మొదట్లో ఒక చలికాలమంతా అలా అరుపుల మీదే నడిచింది.

పూణేలో ఆ కాలేజీకి పేరు పెద్దది, సీట్లు తక్కువ. పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాక అందరితోపాటు లైన్లో నిలబడడం ఒక పద్ధతి. అది కాక ఇంకో పద్ధతి కూడా ఉండేది. పరీక్షలకు ముందే, పదకొండో తరగతి మార్కులూ మాస్టారి ఉత్తరమూ చూసి, పిలిచి మాట్లాడి, నచ్చితే సీటు ఖాయం చేసేవాళ్ళు. అలా ఖాయమైన వాళ్ళు పన్నెండు పాసైతే చాలు. మా లెక్కల సార్ ఆ ఫారం ఎక్కడినుంచో సంపాదించి నా చేతిలో పెట్టారు.

ముందే ఖాయం కావడం ఎవరికైనా మంచిదే. నాకు మాత్రం అది గత్యంతరం లేని అవసరం, ఎందుకంటే మధ్యలో బీడీ కార్డు ఒకటి ఉంది.

మా అమ్మ బీడీలు చేసేది. మా వాడకట్టులో బీడీలు చేయని ఆడమనిషి లేదు, కార్డు లేనివాళ్ళు మాత్రం చాలామంది. కార్డు ఉంటే కంపెనీ నుంచి రోజూ ఆకూ తంబాకూ దొరుకుతాయి, పీఎఫ్ ఉంటుంది, రోగమొస్తే దవాఖానా ఉంటుంది. లేనివాళ్ళు ఇంకొకరి కార్డు మీద చేసిపెట్టి, వాళ్ళ మొహం చూసి బతకాలి. నాకు పద్దెనిమిదేళ్ళు నిండగానే కార్డు రావాలని అమ్మ రెండేళ్ళ ముందునుంచే కంపెనీలో లెక్కలు రాసే మునీం చుట్టూ తిరిగి, ఆయన విసిగిపోయేదాకా అడిగి, నా పేరు రాయించింది. శివరాత్రి మర్నాడు కార్డులు ఇస్తారు. తీసుకున్నాక మొదటి మూడు నెలలు ఒక్కరోజు తప్పకుండా చేసిన బీడీల మాల్ కంపెనీలో వేయాలి. నా పరీక్షలు సరిగ్గా ఆ మూడు నెలల్లోనే. పొద్దంతా బీడీల చేట ముందు కూర్చున్నదానికి లెక్కల పుస్తకం ముందు కూర్చునే ఓపిక ఎక్కడిది?

"పూణేవాళ్ళు శివరాత్రి లోపట హా అంటే కార్డు ఇడుస్త. అనకపోతే చేట పట్టు," అంది అమ్మ. అమ్మ మాటకు అప్పీలు ఉండదు.

ఇక అందరూ నా అవకాశాలను తూకం వేయడం మొదలుపెట్టారు. లెక్కల సార్ సగం సగం అన్నారు. బాపు, అంటే మా నాన్న, మగ్గం మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. నేను సీటు గురించి అడిగితే బస్సులో సీటనుకుని, "పొద్దుగాల పోతే దొరుకుతది," అన్నాడు. ఎదురింటి ముసలమ్మ నా చేతి గీతలు చూస్తానని చేయి పట్టుకుని, తంబాకు మరకలు చూసి, "ఈ చెయ్యి ఏడికి పోదు," అని తేల్చింది. ఆమెతో నేను వారం రోజులు మాట్లాడలేదు. చిన్నప్పటినుంచీ నాకు ముక్కు మీద కోపం.

అందరికన్నా ధీమాగా ఉన్నది మా మామ, అంటే అమ్మ తమ్ముడు. ఆయనకు నాలుగు పవర్‌లూములు. టవళ్ళు నేయించి ముంబైకీ హైదరాబాదుకీ పంపేవాడు. "పదారణాలల్ల పన్నెండణాలు నక్కి," అన్నాడు, ఖాయమని. మిగతా నాలుగణాలు తాను చూసుకుంటానన్నాడు. ఎలా చూసుకుంటాడో ఆ రోజు ఎవరమూ అడగలేదు. నింపిన ఫారమూ, సార్ రాసిన ఉత్తరమూ పోస్టు చేయమని ఆయన చేతికే ఇచ్చాం.

నెల తిరగకుండానే ఇంటర్వ్యూకు రమ్మని కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. టైపు చేసిన ముక్కల కింద ఎవరో పెన్నుతో ఒక లైను రాశారు. దరఖాస్తుతోపాటు వచ్చిన వస్తువు గురించి కూడా మాట్లాడాల్సి ఉందట.

"ఏం వస్తువు?" అన్నాను.

అందరం మామ వైపు చూశాం. మామ మీసం దువ్వుకున్నాడు.

"మరి ఉత్త కాయితం పంపుతరా బిడ్డా? కాయితాలు వాళ్ళకు రోజు బస్తా వస్తయి. ఏ పార్టీకన్న ముందుగాల శాంపిల్ పోవాలె. శాంపిల్ పోతేనే చేత్తోని పట్టి చూస్తరు."

తేలిందేమిటంటే, ఆయన రెండు రోజులు ఒక మగ్గం ఆపించి, అక్షరాలు నేతలో పడేందుకు జకార్డు అట్టలు కొత్తగా కొట్టించి, ఒక అంచున కాలేజీ పేరూ రెండో అంచున నా పేరూ వచ్చేలా మంచి తెల్లటి టవల్ నేయించాడు. నా ఫారం అందులో మడతపెట్టి, తన సరుకు ప్యాక్ చేసే గోనెగుడ్డతో కుట్టించి, రిజిస్టర్ పార్సెల్ చేశాడు. ఆయన జన్మలో శాంపిల్ లేకుండా ఏ కాగితమూ ఊరు దాటలేదు.

నేను ఏడ్చాను. ఇది లంచం కింద లెక్కవుతుందనీ, నన్ను ఇంటర్వ్యూకు కాదు, తిట్టడానికి పిలుస్తున్నారనీ అరిచాను. మగ్గాలను మించి అరిచాను.

"అరే, వస్తువు గురించి మాట్లాడాలె అన్నరంటే ఎకదమ్ పని అయినట్టే. ఎవ్వడన్న నచ్చని మాల్ గురించి మాట్లాడతడా? రంగు మార్చుమంటరు కావచ్చు," అన్నాడు మామ. మర్నాడు పచ్చదొకటి, నారింజ రంగుదొకటి పట్టుకొచ్చాడు.

అమ్మ అప్పటిదాకా బీడీలు కట్టలు కడుతోంది. తల ఎత్తకుండానే అందుకుంది. "ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, సీటు రాకముందే పేరు నేసిండు వీడు. నీ శాంపిల్ ఎప్పుడు మంచిగనే ఉంటదిరా తమ్మీ. లొల్లి వచ్చేది మాల్ పోయినంకనే."

మామ మూతి ముడుచుకుని మూడు రోజులు మా ఇంటికి చాయ్ తాగడానికి రాలేదు.

పూణేకు నేనూ అమ్మా పోయాం. మామ వస్తానంటే అమ్మ వద్దంది, ఆయన కోటు వేసుకుని బిల్లుబుక్కు జేబులో పెట్టుకున్నాడని. ఆ రోజు పని పోగొట్టుకోవడం ఇష్టంలేక అమ్మ తడిగుడ్డలో చుట్టిన బీడీ ఆకు తెచ్చుకుంది. కాలేజీ వరండాలో చాప పరచినంత దర్జాగా కూర్చుని, కత్తెర తీసి ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ప్యూన్ వచ్చి ఇక్కడ చెత్త వేయకూడదని మరాఠీలో గట్టిగా చెప్పాడు. అమ్మ అంతకంటే గట్టిగా మరాఠీలో ఆయన ఊరూ పేరూ అడిగింది. నా పేరు పిలిచేసరికి ఆయన అమ్మకు మంచినీళ్ళు తెచ్చి ఇస్తున్నాడు.

లోపల ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక మేడమ్. బల్ల మీద నా ఫారం ఉంది, దాని పక్కన మామ టవల్ ఉంది. నా పేరు నాకెదురుగా, తామరపువ్వుల మధ్య, ఎర్రగా ఉంది. నమస్కారం సార్ అన్నాను. ముగ్గురూ కుర్చీల్లో కొంచెం వెనక్కి జరిగారు. నేను దాజీ పేట గొంతుతో మాట్లాడుతున్నానని అప్పుడు గుర్తొచ్చింది.

"ఇదేమిటి?" అన్నాడు బట్టతల సార్.

"శాంపిల్ సార్."

"దీన్ని బయట లంచం అంటారు."

"లంచమైతే డజను పంపేవాళ్ళం సార్," అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

కళ్ళజోడు సార్ దగ్గినట్టు చేసి నవ్వాడు. మేడమ్ టవల్ చేతిలోకి తీసుకుని అంచు పట్టి చూసింది. "ఇంత మెత్తగా ఉందే. మా ఇంట్లో సోలాపూర్ టవళ్ళు రెండు నెలలకే పీచు లేస్తున్నాయి, ఎందుకని?" అంది.

తెలివిగలవాళ్ళు అక్కడ ఏం చెబుతారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను నిజం చెప్పాను. "శాంపిల్ ఇలాగే ఉంటుంది మేడమ్. దీనికి మంచి నూలు వేస్తారు. తర్వాత వచ్చే మాల్ ఇలా ఉండదు."

బట్టతల సార్ మా లెక్కల సార్ ఉత్తరం ముందుకు జరిపాడు. "మరి ఇందులో నువ్వు వక్తృత్వంలో మొదటి బహుమతి తెచ్చుకున్నావనీ, ఖోఖో ఆడతావనీ, రోజూ ఆరు గంటలు చదువుతావనీ ఉంది. ఇది కూడా శాంపిలేనా?"

"ఖోఖో ఆడను సార్. సాయంత్రం బీడీలు చేస్తాను. చదివేది రెండు గంటలు. లెక్కల్లో మార్కులు మాత్రం నావే."

ఆ తర్వాత పది లెక్కలు అడిగారు. ఆరు చేశాను. రెండు సగంలో ఆగిపోయాయి. రెండు ఏమిటో కూడా అర్థం కాలేదు. లేచేటప్పుడు టవల్ వెనక్కి తీసుకుపొమ్మన్నారు. మేడమ్ దాన్ని ఇంకోసారి తడిమి ఇచ్చింది.

బయటికొచ్చి అమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మ కత్తెర కింద పెట్టి నెత్తి కొట్టుకుంది.

"కట్టల పైకి మంచి బీడీలు పెడ్తం, నడుమల సన్నయి పెడ్తం. అందరు పెడ్తరు. కంపెనీ చెకర్ చేతులకు తీస్కున్నప్పుడు 'నడుమ సన్నయున్నయి సారూ' అని ఏ పిచ్చిదన్న చెప్తదానే?"

"అడిగిండ్రు, చెప్పిన."

"అడుగుతరు. వాళ్ళ పని అడుగుడు. సప్పుడు చెయ్యకుంట నిలవడుడు మన పని."

సోలాపూర్ దాకా అమ్మ నాతో మళ్ళీ మాట్లాడలేదు. ప్యూన్ ఇచ్చిన జామకాయ మాత్రం సగం కోసి పెట్టింది.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు ఉత్తరం వచ్చింది. ఖాయం చేయలేదు, కాదనలేదు. పన్నెండో తరగతి మార్కులు చూశాక మళ్ళీ పరిశీలిస్తారట. మామ అది రెండుసార్లు చదివించుకుని, "శాంపిల్ పాస్, మాల్ చూసినంక ఆర్డర్," అన్నాడు. మర్యాదగా 'కాదు' అని చెప్పడం ఇలాగే ఉంటుందని లెక్కల సార్ అన్నారు. బాపు ఉత్తరం కాగితాన్ని వెలుగుకు పట్టి చూసి, మంచి కాగితమన్నాడు. అమ్మ కట్టలు లెక్కపెట్టుకుంది.

జూన్‌లో సీటు వచ్చిందనుకోండి. మూడో లిస్టులో, చివరినుంచి రెండో పేరు నాది. కానీ శివరాత్రినాడు ఆ సంగతి ఎవరికి తెలుసు? పూణేవాళ్ళు హా అనలేదు. మాట ప్రకారం నేను చేట పట్టాలి. ఆ రాత్రే అమ్మ నా కోసం కొత్త కత్తెర తెచ్చి గూట్లో పెట్టింది, నేను చూశాను. చూసి, పుస్తకాలన్నీ ట్రంకులో సర్దేశాను. అమ్మ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఆ కోపం న్యాయమైనది కాదని తెలిసి ఇంకా కోపంగా ఉంది.

మర్నాడు పొద్దున ఇద్దరం బీడీ కంపెనీకి పోయాం. పేర్లు పిలుస్తుంటే ఆడపిల్లలు ఒక్కొక్కరే పోయి వేలిముద్రో సంతకమో పెట్టి కార్డు తీసుకుంటున్నారు. జాబితాలో పేరు లేని పిల్లలు కూడా, ఎవరైనా మానుకుంటారేమోనని, తల్లులతో వచ్చి వెనక నిలబడ్డారు. నా పేరు పిలిచారు. నేను ముందుకు పోయేలోపలే అమ్మ నా భుజం పట్టుకుని పక్కకు జరిపి, తానే బల్ల దగ్గరికి పోయింది.

"ఈ పేరు కొట్టెయ్యుండ్రి," అంది.

మునీం కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఏందక్కా, పూణేల సీటు వచ్చిందా?"

"రాలే."

"మరి? రెండేండ్లు నా పానం తీసినవు గదా దీని కోసం."

"తీసిన. కొట్టెయ్యుండ్రి. పరీక్షలున్నయి పోరికి."

మునీం పెన్ను కింద పెట్టాడు. మంచివాడే. "ఇంటికి వోయి ఆలోచించుకో అక్కా. రేపు పొద్దుగాల చెప్పు. రేపటిదాక ఆపుత."

"రేపు ఒద్దు," అంది అమ్మ. "ఇప్పుడే కొట్టెయ్యుండ్రి. ఎన్కనున్న పోరి పేరు కూడ నా ముందల్నే రాయుండ్రి. ఇంటికి వోతే నా మనసు మారుతది."

మునీం ఆమె మొహం చూసి గీత గీశాడు. మా వెనక నిలబడిన పిల్లను పేరు అడిగి రాశాడు. ఆ పిల్ల తల్లికి ఏం జరుగుతోందో అర్థం కాక మా అమ్మ చేయి పట్టుకుంది. అమ్మ చేయి విడిపించుకోలేదు, అటు చూడనూ లేదు. అమ్మకు చదువు రాదు.

"రాసిండా?" అంది నాతో. "సదువు."

రిజిస్టరు మీదికి వంగాను. నా పేరు మీద నీలి గీత ఉంది. దాని పక్కన సిరా ఇంకా ఆరని ఆ పిల్ల పేరు ఉంది. ఇంటిపేరుతో సహా చదివి వినిపించాను. అమ్మ తల ఊపి, కొంగు సర్దుకుని, తన ఆకు తీసుకోవడానికి పక్క లైన్లోకి పోయి నిలబడింది.