ప్రార్థన చేసిన నీళ్ళు

చుట్టూ ఎవరూ లేకపోయినా మా అక్కకు గొంతులు వినిపించేవి. కొత్త మాత్రలతో అవి ఆగాయి. నోరు మాత్రం ఎప్పుడూ ఎండిపోయేది.

సంఘమంతటికీ పాస్టరుగారి దగ్గర ఒక్కటే సెల్‌ఫోన్ ఉన్న రోజులవి. ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా బూర్గంపాడు సంఘం ఆడవాళ్ళు అక్క కోసం ఉప్పు మాని ఉపవాసం పట్టారు. అక్క కూడా మానింది. రోజూ ఇంటికొక సీసా నీళ్ళు, ప్రార్థన చేసి పంపేవారు. అవన్నీ తాగించే పని నాది. ఒక్క చుక్క పారబోయడానికి మనసొప్పేది కాదు.

రెండోవారంలో అక్కకు వాంతులు, తలనొప్పి మొదలయ్యాయి. ఒకనాడు మండుటెండలో నన్ను పట్టుకుని, "అమ్మా, బట్టలు తియ్యి, వాన వస్తది" అంది. అమ్మ పోయి ఆరేళ్ళు.

"మళ్ళ మొదలైంది. ఇంకో సీసా తాగియ్యి బిడ్డా" అంది పక్కింటి పెద్దమ్మ. తాగించాను.

తెల్లారి అక్కకు ఫిట్స్ వచ్చాయి. ఆటోలో గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం.

రక్తపరీక్ష చూసిన డాక్టరు గొంతుల సంగతి అడగలేదు. "రోజుకు నీళ్ళెన్ని తాగుతది?" అన్నాడు.

"ఏడెనిమిది లీటర్లు సార్" అన్నాను, కాస్త గర్వంగానే.

అక్క వేసుకునే ఆ కొత్త మాత్ర కొందరిలో నీటిని పట్టి ఉంచే హార్మోనును ఎక్కువ చేస్తుందట. అప్పుడు తాగిన నీళ్ళు బయటికి పోక, రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు ఉబ్బుతుందట. ఆ భయంలోనూ నాకు ఆశ్చర్యమే. సండే స్కూలు పిల్లలకు "మీరు లోకమునకు ఉప్పయి యున్నారు" అంటూ ఉప్పు గురించి ఎన్ని పాఠాలు చెప్పాను! నా అక్క మాట, నా అక్క జ్ఞాపకం దానిమీద నిలిచి ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియలేదు.

"అయితే ఉప్పు పెడితే సరిపోతదా సార్?"

"గట్ల కాదమ్మా. జల్దీ పెంచినా ప్రమాదమే. మేం మెల్లగ పెంచుతం, మాత్ర మారుస్తం. మీరు నీళ్ళు కొలిచియ్యుండ్రి."

మూడోనాడు అక్క నన్ను గుర్తుపట్టింది. ఆ సాయంత్రమే పాస్టరమ్మ రెండు సీసాలతో వచ్చింది. వార్డు గుమ్మంలోనే ఆపాను.

"ఈ నీళ్ళు వద్దమ్మగారూ."

"ప్రార్థన ఆపమంటవా బిడ్డా?"

"ప్రార్థన ఆపకుండ్రి. సీసాలు ఆపుండ్రి."

ఆమె ముఖం చిన్నబోయింది. మంచం మీంచి అక్క అంది: "ఏందమ్మగారూ గట్ల చూస్తరు? మీ సీసాలల్ల మునిగి తేలిన, చాలదా?"

పాస్టరమ్మ నవ్వాలో వద్దో తెలియక నిలబడింది. "మరి నేనేం తేవాలె?" అంది చివరికి.

మర్నాడు కొంగులో చుట్టి, చర్చిలో ప్రభువు బల్లనాడు ఒక్కొక్కరికి కాస్త ద్రాక్షరసం పోసిచ్చే చిన్న గ్లాసు తెచ్చింది. డాక్టరు చెప్పిన కొలతను అక్క రోజంతా అందులోనే పోసుకుని, గుక్కెడు గుక్కెడుగా తాగింది.